సదుద్దేశం వేరు, మర్యాద వేరు, మంచి దిద్దుబాటు వేరు

జనగామ దగ్గరి ఒక ఊరికి తెలుగు వికీపీడియాలో పేజీ ఉందనుకుందాం. అందులో "వరంగల్ జిల్లాలోని గ్రామం" అని ఉంది. ఆ ఊరి కుర్రాడు ఒకతను ఫోన్లో చూసి, దాన్ని "జనగామ జిల్లా" అని మార్చాడు. మూలం ఏమీ ఇవ్వలేదు. సొంత ఊరు ఏ జిల్లాలో ఉందో చెప్పడానికి ఆధారం చూపించాలని అతనికి తోచలేదు. కాసేపటికి అనుభవం ఉన్న వాడుకరి ఒకరు ఆ మార్పును వెనక్కి తిప్పారు. ఆయన ముందు 2011 జనగణన పట్టిక ఉంది, అందులో వరంగల్ జిల్లా అనే ఉంది. కుర్రాడు మళ్ళీ మార్చాడు. ఆయన మళ్ళీ తిప్పి, ఈసారి మార్పుకు కారణం రాసే దిద్దుబాటు సారాంశంలో "దుశ్చర్య" అని రాశారు. మూడోసారి కుర్రాడు జిల్లా పేరుతో పాటు ఒక తిట్టు కూడా చేర్చాడు. దాంతో "చూశారా, నేను చెప్పానుగా" అనడానికి ఈయనకు వీలు దొరికింది.

ఇద్దరి దగ్గరా ఉన్నది నిజమే. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, జనగామ ఆ రోజే జిల్లా అయింది. 2019లో ఆ సంఖ్య 33కు చేరింది. 2021లో వరంగల్ పట్టణ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ గ్రామీణ జిల్లా ఉత్త వరంగల్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఊళ్ళ జనాభాకు, విస్తీర్ణానికి ఎక్కువగా వాడే ఆధారం మాత్రం 2011 జనగణనే. తెలుగు వికీపీడియాలో ఊళ్ళ పేజీలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఈ తగాదాకు వేల చోట్ల వీలుంది. ఇప్పటి జిల్లా రాసి, పునర్వ్యవస్థీకరణకు ముందు ఫలానా జిల్లాలో ఉండేదని ఒక వాక్యం చేరిస్తే తీరిపోయే పని ఇది. ఆ వాక్యం రాయాల్సిన ఇద్దరూ ఒకరినొకరు విలన్లుగా చూడడం మొదలుపెట్టాక, దాన్ని రాసేవాళ్ళు లేకుండా పోయారు.

ఇలాంటివి జరుగుతాయని వికీపీడియా మొదలైన కొద్దికాలానికే తెలిసిపోయింది. 2001 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా మొదలైంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా మార్చొచ్చు అన్నారు కాబట్టి, పరిచయం లేనివాళ్ళు ఒకే వాక్యం మీద చేతులు పెట్టారు. 2004లో అక్కడ ఒక మార్గదర్శకం రూపం దిద్దుకుంది: అవతలివారు విజ్ఞానసర్వస్వాన్ని బాగుచేయడానికే ఈ మార్పు చేశారని అనుకుని మొదలుపెట్టండి. 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను వెనక్కి తిప్పకూడదనే నియమం కూడా ఆ ఏడాదే అమల్లోకి వచ్చింది. తరవాత మర్యాదగా ఉండడం వికీపీడియా ఐదు మూలస్తంభాల్లో ఒకటైంది. 2021లో, వికీపీడియాను నడిపే సంస్థ అయిన వికీమీడియా ఫౌండేషన్ అన్ని భాషల వికీలకూ కలిపి తెచ్చిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళిలోనూ సదుద్దేశం, మర్యాద రెండూ చేరాయి.

నియమం ఇంత పాతదైనా దాన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళే ఎక్కువ. "సదుద్దేశం అనుకోవాలట, అంటే చెత్త రాసినా ఊరుకోవాలా?" అని కొందరు కోపంగా అడుగుతారు. "నేను మంచి ఉద్దేశంతోనే రాశాను, ఎలా తీసేస్తారు?" అని మరికొందరు నిలదీస్తారు. రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే గందరగోళం. మనిషి ఉద్దేశం, అతను చేసిన మార్పు నాణ్యత, అతను మాట్లాడే తీరు అనే మూడు వేర్వేరు సంగతులను ఒక మూటలో కట్టేయడం. వీటిని విడదీసి చూడడమే ఈ నియమంలోని అసలు పని అని నేను నమ్ముతాను.

యంత్రానికి నేర్పేటప్పుడు కూడా ఈ విభజన చేయాల్సి వచ్చింది. 2015లో ఆరన్ హాఫెకర్ అనే పరిశోధకుడి ఆధ్వర్యంలో వికీమీడియా ఫౌండేషన్ ఓరెస్ అనే వ్యవస్థను తెచ్చింది. కొత్తగా వచ్చిన ప్రతి మార్పునూ చూసి అది అంచనా కట్టి చెప్పేది. "ఈ మార్పు వ్యాసానికి నష్టం చేస్తుందా?" అన్నది ఒక అంచనా. "ఈ మార్పు సదుద్దేశంతో చేసిందేనా?" అన్నది ఇంకొకటి. రెండింటికీ విడివిడిగా మార్కులు. నష్టం చేసేదే, కానీ మంచి మనసుతో చేసింది అనే గడి ఒకటి ఉంటుందని, అందులో చాలామంది కొత్తవాళ్ళు పడతారని తెలిసినవాళ్ళు కట్టిన వ్యవస్థ అది. ఆ గడిలో ఉన్నవాళ్ళకు హెచ్చరిక కాదు, సాయం కావాలి.

ఆ సాయం అందకపోతే ఏమవుతుందో కూడా హాఫెకర్ బృందమే చూపించింది. ఇంగ్లీషు వికీపీడియాలో చురుకుగా రాసేవాళ్ళ సంఖ్య 2007లో శిఖరానికి చేరి, తరవాత తగ్గుతూ వచ్చింది. ఎందుకని వెతికితే, నాణ్యత కాపాడడానికి పెట్టుకున్న పనిముట్లు, ముందే తయారుచేసుకున్న హెచ్చరిక మూసలు, గట్టిపడిన నియమాలు కలిసి సదుద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ళను కూడా మొదటి అడుగులోనే వెనక్కి పంపుతున్నాయని 2013లో అచ్చయిన వాళ్ళ అధ్యయనం తేల్చింది. మొదటి మార్పు ఎగిరిపోయిన మనిషి సాధారణంగా పోట్లాడడు. మళ్ళీ రాడు, అంతే. ఆ నష్టం మార్పుల చరిత్రలో ఎక్కడా కనిపించదు.

ఇక్కడ కాస్త ఆగి, ఎదుటివాడి ఉద్దేశాన్ని చదవడంలో మనం ఎందుకింత తడబడతామో చూడాలి. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు ఈమెయిళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. తాము వెటకారంగా రాసిందీ మామూలుగా రాసిందీ అవతలివాళ్ళు ఇట్టే పట్టేస్తారని రాసినవాళ్ళు గట్టిగా నమ్మారు. చదివినవాళ్ళు పట్టుకున్నది సగం కంటే కాస్త ఎక్కువసార్లు మాత్రమే. అదే మాట గొంతుతో చెప్పినప్పుడు ఎక్కువమందికి అర్థమైంది. వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి దానికి జతగా ఉండే చర్చ పేజీలో గొంతు వినపడదు, ముఖం కనపడదు. "మూలం ఎక్కడ?" అన్న రెండు మాటలను రాసినవారు మామూలుగా అడిగి ఉండొచ్చు. అప్పటికే తన మార్పును రెండుసార్లు వెనక్కి తిప్పించుకున్న మనిషికి మాత్రం అది పోలీసు ప్రశ్నలా వినిపిస్తుంది. దీనికి తోడు ఇంకో అలవాటు ఉంది. మనం పొరపాటు చేస్తే ఆరోజు తీరిక లేదనో, ఫోన్లో సరిగా కనపడలేదనో కారణం చెప్పుకుంటాం. ఎదుటివాడు చేస్తే అతని స్వభావమే అంత అనేస్తాం. సదుద్దేశం అనుకోమనడం అంటే, మనకు మనం ఇచ్చుకునే కారణాలను అవతలివాడికీ ఇవ్వమనడమే.

ఉద్దేశం మంచిదైతే ఫలితాన్ని క్షమించేయాలా? దీనికి స్కాట్స్ వికీపీడియా కథ కంటే మంచి జవాబు నాకు కనపడలేదు. స్కాట్లండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాషకు ఒక వికీపీడియా ఉంది. 2020 ఆగస్టులో ఒక పాఠకుడు బయటపెట్టిన సంగతి ప్రపంచమంతా వార్త అయింది. అందులోని వేల వ్యాసాలను రాసింది ఆ భాష రాని ఒక అమెరికా కుర్రాడు. పన్నెండేళ్ళ వయసులో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి ఇంగ్లీషు వాక్యాల్లో మాటలను నిఘంటువు చూసి స్కాట్స్ మాటలుగా మార్చుకుంటూ పోయాడు. భాషకు సేవ చేస్తున్నానని అతను మనసారా నమ్మాడు. జరిగిన నష్టం చిన్నది కాదు. అసలే చిన్నచూపుకు గురైన భాష గురించి "ఇది ఇంగ్లీషును వంకరగా రాయడమే" అనేవాళ్ళకు ఆ వ్యాసాలు సాక్ష్యంగా దొరికాయి. సంగతి తెలిసిన వెంటనే ఆ కుర్రాడి మీద బూతులు, బెదిరింపులు వచ్చిపడ్డాయి. ఆ వ్యాసాలను సరిచేయడానికి, తీసేయడానికి మాత్రం స్కాట్స్ తెలిసినవాళ్ళు కూర్చుని ఓపికగా పనిచేయాల్సి వచ్చింది.

నా దృష్టిలో ఇక్కడ రెండు పనులు జరగాలి, రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. వ్యాసాలను నిర్మొహమాటంగా తీసేయాలి. కుర్రాడిని తిట్టకుండా వదిలేయాలి. అన్నిటికంటే ముందు, ఇన్నేళ్ళలో ఒక్కరైనా అతనితో "నాయనా, ఇది మా భాష కాదు" అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పి ఆపి ఉండాలి. సదుద్దేశం అనుకోవడం అంటే మౌనంగా ఉండడం కాదు. నిజం చెబితే నొచ్చుకుంటారని ఊరుకోవడం ఆ మనిషికే అన్యాయం.

తెలుగు వికీపీడియాకు ఈ సమస్య బాగా తెలుసు. 2010 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో, డబ్బిచ్చి పెట్టుకున్న అనువాదకులతో భారతీయ భాషల వికీల్లో పెద్ద సంఖ్యలో వ్యాసాలు చేర్పించింది. తెలుగు, తమిళం, కన్నడం, బెంగాలీ అన్నిటిలోనూ ఇది నడిచింది. మన భాషల్లో సమాచారం పెరగాలన్న మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వచ్చిన వాక్యాలు మాత్రం చాలాచోట్ల తెలుగు అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు. వ్యాసాన్ని తెచ్చి పెట్టినవాళ్ళు చర్చ పేజీలో అడిగితే పలికే స్థితిలో కూడా ఉండేవారు కాదు. తమిళ వికీపీడియన్లు గూగుల్ బృందంతో కూర్చుని ఏయే వ్యాసాలు కావాలో, భాష ఎలా ఉండాలో మాట్లాడారు. బెంగాలీవాళ్ళు నాణ్యత లేదని గట్టిగా అడ్డుకున్నారు. ఈ రెండు దారుల్లో ఏది మేలని ఇప్పటికీ వాదించవచ్చు. ఏ దారిలోనైనా వాళ్ళు పట్టుకున్నది వాక్యాలను, అవి వచ్చిన పద్ధతిని. ఇప్పుడు యంత్రానువాదం ఎవరి చేతిలోనైనా ఉంది. రోజుకు పది వ్యాసాలు అలా తెచ్చిపెట్టే ఉత్సాహవంతుడు కనిపిస్తే అడగాల్సింది కూడా దాని గురించే: "ఈ వాక్యాన్ని మీరు ఒకసారి పైకి చదివి చూశారా?"

ముడి బిగిసేది దీనికి తలకిందులైన సందర్భంలో. మర్యాద నిండుగా ఉంటుంది, ఒక్క కటువైన మాట ఉండదు, కానీ పేజీ మాత్రం నెలల తరబడి ఒకే వైపుకు వంగుతూ పోతుంది. ఒక నాయకుడి పేజీలో విమర్శ ఉన్న పేరా ఈరోజు కుదించబడుతుంది, వచ్చే నెల దాని మూలం "నమ్మదగింది కాదు" అవుతుంది, ఆపైన పేరా మాయమవుతుంది. అడిగితే ప్రతిసారీ తియ్యటి జవాబు. ప్రశ్నించిన మనిషి విసిగి ఒక మాట జారితే, "నా మీద సదుద్దేశం చూపడం లేదు" అని ఫిర్యాదు. కులాల చరిత్రల్లో, రాజవంశాల పుట్టుకల్లో, సినిమా తారల పేజీల్లో ఇది మనకు నిత్యం కనిపించే వ్యవహారం. ఇంగ్లీషు వికీపీడియాలో దక్షిణాసియా కులాల పేజీలకు ప్రత్యేక ఆంక్షలు పెట్టాల్సి రావడానికి ఇలాంటి పోట్లాటలే కారణం.

ఈ వంగడం పేజీని దాటి మొత్తం వికీకి పాకితే ఎలా ఉంటుందో క్రొయేషియా భాష వికీపీడియాలో చూశాం. అక్కడ కొందరు నిర్వాహకులు, అంటే పేజీలను మార్చకుండా ఆపే, వాడుకరులను నిరోధించే అధికారం ఉన్న వాడుకరులు, చాలా ఏళ్ళు పట్టు సాధించి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీల అండతో సాగిన ఉస్తాషా పాలన నేరాలను పలచన చేసే రాతలను కాపాడారు. అభ్యంతరం చెప్పినవాళ్ళను ఇక రాయకుండా నిరోధించారు. 2013లోనే ఆ దేశ విద్యాశాఖ మంత్రి ఆ వికీని వాడొద్దని విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. చివరికి వికీమీడియా ఫౌండేషన్ నిపుణుడితో పరిశీలన చేయించి, 2021లో నివేదిక ప్రచురించింది. అన్నేళ్ళు అక్కడ నియమాల పేజీలు లేక కాదు. నియమాలను వాడే అధికారం ఒకే వైపువాళ్ళ చేతిలో ఉంది.

అందుకే ఆ మార్గదర్శకంలోనే ఒక హద్దు రాసి ఉంది: దానికి విరుద్ధమైన సాక్ష్యం కళ్ళముందు ఉన్నా సదుద్దేశమే అనుకుంటూ ఉండమని ఈ నియమం కోరదు. అది మొదటి అంచనా. సాక్ష్యాన్ని బట్టి మారాల్సిందే. ఆ సాక్ష్యం మార్పుల చరిత్రలో దొరకాలి: ఫలానా తేదీన ఫలానా వాక్యం తీశారు, అందుకు చెప్పిన కారణం ఇది, మూలంలో ఉన్నది ఇది, ఇలా ఆరుసార్లు జరిగింది. "వీళ్ళంతా ఫలానా పార్టీవాళ్ళు" అన్నది సాక్ష్యం కాదు, ఊహ. నిజమే అయినా దాన్ని చర్చ పేజీలో నిరూపించడం ఎవరి వల్లా కాదు. వాక్యానికీ మూలానికీ పొంతన లేదని నిరూపించడం మాత్రం ఎవరైనా చేయగలరు. వ్యాసాన్ని కాపాడాలనుకునేవారికి ఇది బలమైన ఆయుధం, ఉద్దేశాల గురించిన వాదన దాన్ని మొద్దుబారుస్తుంది.

బతికున్న మనుషుల పేజీల్లో అయితే ఇంకా స్పష్టం. ఒక నటి గురించో, ఒక శాసనసభ్యుడి గురించో మూలం లేని ఆరోపణ కనిపిస్తే వెంటనే తీసేయాలి, చర్చ తేలేదాకా ఆగకూడదు. రాసినవారు పత్రికలో చదివి నమ్మి రాశారా, పగబట్టి రాశారా అన్నది ఆ క్షణంలో అక్కర్లేని ప్రశ్న. "ఆధారం లేనందున తీసేశాను, నమ్మదగిన మూలం ఉంటే చర్చ పేజీలో చూపండి" అన్న ఒక్క వాక్యం రెండు రకాల మనుషులకూ సరిపోతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఇదే. మంచివాడికి అవమానం జరగదు, దురుద్దేశం ఉన్నవాడికి పేచీ పెట్టుకునే సందు దొరకదు.

మర్యాద విషయంలో తెలుగువాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చర్చ పేజీల్లో అందరం "గారు" అంటాం, "మీరు" అంటాం. తగాదా ముదిరితే కొందరు "నువ్వు"లోకి దిగుతారు, అది అందరికీ కనిపించే తప్పు. కనిపించనిది ఇంకొకటి: "తమబోటి పండితులు", "పెద్దలు సెలవిచ్చారు కనుక", "మీ మేధస్సుకు నమస్కారం" లాంటి మాటలు. వ్యాకరణం ప్రకారం ఇవి గౌరవవాచకాలే, తగిలేది చెంపదెబ్బలాగే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే "నేను గౌరవించే మాట్లాడాను" అనొచ్చు కాబట్టి బూతు కంటే ఇవే ప్రమాదం. ఇంగ్లీషు వికీ నియమాలను చూసి రాసుకున్న జాబితాల్లో ఇలాంటివి ఉండవు. వెటకారంలో ముంచిన గౌరవం అమర్యాదే అని మన వికీ మనసులో పెట్టుకోవాలి.

వ్యక్తిని వదిలి రాత గురించి మాట్లాడడం అన్నది వినడానికి తేలిక, వాక్యంలో పెట్టేటప్పుడు తెలుస్తుంది కష్టం. "మీకు చరిత్ర తెలియదు" అన్నదాన్ని "ఈ శాసనం తేదీకి, వ్యాసంలో ఇచ్చిన తేదీకి యాభై ఏళ్ళ తేడా ఉంది" అని మార్చాలి. "ఎందుకిలా పాడుచేస్తున్నారు?" అన్నదాన్ని "ఈ పేరా తీసేయడానికి కారణం చెప్పగలరా?" అని మార్చాలి. మార్చిన వాక్యంలో సమాచారం ఎక్కువ ఉందని గమనించండి. అవతలివారు ఆ శాసనం తెరిచి చూడగలరు, పొరపాటు మీదో వారిదో తేలుతుంది. మొదటి వాక్యానికి జవాబుగా ఇంకో దూషణ తప్ప ఏమీ రాదు. కొత్తవారికి తయారు మూసలో ఉన్న ఎర్రగుర్తు హెచ్చరిక అంటించే బదులు సొంత మాటల్లో రెండు ముక్కలు రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. పైన జనగామ పేజీలో ఆ రెండు నిమిషాలే ఖర్చు కాలేదు.

మర్యాదను ఎవరు కొలవాలి అన్నది మాత్రం నిజంగా తెగని వివాదం. 2019 జూన్‌లో ఇంగ్లీషు వికీపీడియాలోని ఒక పాత నిర్వాహకుడిని వికీమీడియా ఫౌండేషన్ తనంతట తానుగా ఏడాది పాటు నిషేధించింది. ఫిర్యాదు వివరాలు బయటికి చెప్పలేదు. సముదాయం భగ్గుమంది, ఇరవై మందికి పైగా నిర్వాహకులు బాధ్యతలు వదిలేశారు. చివరికి సముదాయం ఎన్నుకున్న మధ్యవర్తి సంఘం విషయాన్ని పరిశీలించి ఆ నిషేధాన్ని తొలగించింది. ఎన్నో మంచి పనులు చేసిన మనిషి నోటిదురుసును ఎంతవరకు భరించాలి, భరించలేక వెళ్ళిపోయినవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు, ఫిర్యాదు చేసినవాళ్ళ రక్షణ ముఖ్యమా, అందరి ముందు విచారణ ముఖ్యమా? నా మొగ్గు మాత్రం ఇటు: ఒకరి వంద వ్యాసాలు, ఆ నోటికి భయపడి రాయడం మానేసిన పదిమంది రాయని వ్యాసాలకు బదులు కావు.

చిన్న చిన్న విషయాల మీద పోట్లాట చిన్నగా ఉంటుందనుకోవడం కూడా భ్రమే. ఇంగ్లీషు వికీపీడియాలో పెరుగు మీద ఉన్న వ్యాసానికి, యోగర్ట్ అన్న పేరులో "హెచ్" అక్షరం ఉండాలా వద్దా అని దాదాపు ఎనిమిదేళ్ళు వాదించుకుని 2011లో ముగించారు. బ్రిటన్ అలవాటు ఒకటి, అమెరికా అలవాటు ఇంకొకటి, రెండూ ఒప్పే. మన దగ్గర ఊరి పేర్ల వర్ణక్రమం మీద, ఒక ఇంగ్లీషు మాటను అలాగే ఉంచాలా కొత్త తెలుగు మాట కట్టాలా అన్నదాని మీద తెలుగు వికీపీడియా ఉమ్మడి చర్చావేదిక అయిన రచ్చబండలో సాగే చర్చలు ఈ జాతివే. రెండూ సరైనవే అయిన చోట ఎవరు సరో తేల్చే వాదన ఎప్పటికీ ముగియదు. ఒక పద్ధతి ఎంచుకుని, రెండో పేరుతో వెతికినవారిని అదే పేజీకి తెచ్చే దారిమార్పు పెట్టి, నిర్ణయాన్ని తేదీతో సహా రాసిపెట్టుకుంటే ముగుస్తుంది.

తెలుగు వికీపీడియా లాంటి చోట ఇంకో ఇబ్బంది ఉంది. వ్యాసాల సంఖ్య ఎంత పెరిగినా, రోజూ వచ్చి పనిచేసేవాళ్ళు కొద్దిమందే. ఇంగ్లీషులో ఉన్నట్టు మూడో అభిప్రాయం చెప్పే బృందం, మధ్యవర్తి సంఘం ఇక్కడ ఉండవు. తగాదాలో ఉన్న మనిషే నిర్వాహకుడు కావచ్చు, పేజీని సంరక్షించే మీట, వాడుకరిని నిరోధించే మీట ఆయన చేతిలోనే ఉండొచ్చు. సగంమంది ఒకరికొకరు ఫోన్లో తెలిసినవాళ్ళు. ఒక్కోసారి ఆ ఫోనే మేలు చేస్తుంది: రాతలో రాయిలా అనిపించిన మనిషి గొంతు వింటే టెన్షన్ సగం తగ్గుతుంది. కానీ నిర్ణయం వాట్సాప్‌లో జరిగిపోయి చర్చ పేజీలో మద్దతు సంతకాలు మాత్రమే కనపడితే, బయటి మనిషికి అది ముఠాలాగే కనిపిస్తుంది, అలా అనుకున్నందుకు అతన్ని తప్పుపట్టలేం. ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో దాని సారాన్ని చర్చ పేజీలో రాయడం అందుకే తప్పనిసరి. తాను వాదిస్తున్న పేజీలో నిర్వాహకుడు ఏ మీటా నొక్కకూడదు. ఇంకో నిర్వాహకుడిని పిలవాలి, వారు తీరికగా రేపు చూసినా సరే.

నిరోధం విధించక తప్పని రోజు కూడా వస్తుంది. వికీపీడియాలో నిరోధం శిక్ష కోసం కాదు, జరుగుతున్న నష్టాన్ని ఆపడం కోసం. కాబట్టి నోటీసులో ఏ మార్పుల వల్ల నిరోధించారో లింకులతో, ఎంతకాలమో, అభ్యంతరం ఉంటే ఎక్కడ చెప్పుకోవాలో ఉంటే చాలు. ఎదుటివారి ఉద్దేశం మీద నమ్మకం పూర్తిగా పోయిన ఆ స్థితిలో కూడా "మీరు", "గారు" అలాగే ఉంటాయి. గడువు తీరి ఆ వాడుకరి తిరిగివచ్చి ఒక మార్పు చేస్తే, దాన్ని తీసేసే ముందు అందులో ఇచ్చిన మూలాన్ని తెరిచి చదవాలి.